సింధు ఉండంగ ఉబర్ కప్ ఎందుకు రాలే?

పొద్దుగాల ఆరింటికి హన్మకొండలో మేం ఆడే షటిల్ కోర్టుకాడ, ఒక ఆట అయిపోయి మళ్ళ మన నంబర్ వచ్చేదాంక బెంచీ మీద కూసుంటం కదా, ఆ టైంలో వచ్చే ముచ్చట్లల్ల సగం మోకాళ్ళ నొప్పులు, సగం ఫెదర్ కాక్ రేటు ఎంత పెరిగింది అనేదే. మొన్న మాత్రం కాజీపేట నుంచి వచ్చే కాక ఒకాయన, రైల్వేలో చేసి రిటైరయిండు, ఆయన డ్రాప్ వేస్తే ఇప్పటికీ మా అసోంటోళ్ళు నెట్ దాంక ఉరికి బోర్లా పడాల్సిందే, టవల్‌తో మొఖం తుడుసుకుంట ఒక మాట అడిగిండు. "తమ్మీ, సింధు ఒలింపిక్స్‌ల రెండు మెడల్స్ తెచ్చింది, వరల్డ్ చాంపియన్ అయింది, అంతకుముందు సైనా ఉండె. ఇంతమంది ఉండంగ మన ఆడపిల్లల టీంకు ఉబర్ కప్ రాలే. మొగోళ్ళల్ల వరల్డ్ చాంపియన్ అన్నోడే లేడు, వాళ్ళేమో థామస్ కప్ కొట్టుకొచ్చిన్రు. ఇదేం లెక్క?"

నేనేదో నాలుగు మాటలు చెప్పిన, ఇంతల మా నంబర్ వచ్చింది, లేచి పోయినం. ఇంటికొచ్చినంక ఆలోచిస్తే అది చిన్న ప్రశ్న కాదనిపించింది, దానికి జవాబు చెప్పాలంటే ఈ టీం టోర్నీ ఎట్ల నడుస్తదో మొదటినుంచి విప్పుకుంట రావాలె, మనకేమో టీవీలో ఒక్కొక్కరి ఆట చూసుడే అలవాటు, టీం లెక్క సరిగ్గ ఎవ్వరూ చెప్పరు.

మొదలు పేర్ల గందరగోళం తీసేద్దాం. మగవాళ్ళ టీంలకు థామస్ కప్, ఆడవాళ్ళ టీంలకు ఉబర్ కప్. రెండూ ఒకే ఊర్లో ఒకే టైంలో, రెండేళ్ళకోసారి, సరి సంఖ్య వచ్చే ఏడాదిలో జరుగుతయి (కరోనా వల్ల 2020ది మాత్రం 2021 అక్టోబర్‌లో డెన్మార్క్‌ల పెట్టిన్రు, పేరు మాత్రం 2020 అనే ఉంచిన్రు, అందుకే పాత రిజల్ట్స్ చూసేటప్పుడు తికమక అయితది). మూడోది సుదిర్మన్ కప్, అండ్ల ఆడ మగ కలిపి ఒకే టీం, మిక్స్‌డ్ డబుల్స్ కూడా ఉంటది, అది బేసి ఏడాదిలో వస్తది. కొంతమంది ఈ మూడింటిని ఒకటే అనుకుంటరు, మా కోర్టుల ఒకాయనైతే థామస్ కప్‌ల సింధు ఎందుకు ఆడలే అని సీరియస్‌గ అడిగిండు, నవ్వితే బాధపడ్తడని నవ్వలే.

ఇంకో తికమక "టై" అనే మాటతోటి. మనం క్రికెట్ చూసి పెరిగినోళ్ళం, టై అంటే స్కోర్లు సమానమైనయి అనుకుంటం. ఇక్కడ టై అంటే ఒక దేశానికి ఇంకో దేశానికి జరిగే మొత్తం పోరు. ఒక టైలో 5 మ్యాచ్‌లు, 3 సింగిల్స్, 2 డబుల్స్. ఒక్కో మ్యాచ్‌ల మూడిట్ల రెండు గేములు గెలవాలె, గేముకు 21 పాయింట్లు. అంటే పేపర్ల "ఇండియా 3-0తో గెలిచింది" అని రాస్తే అది మూడు మ్యాచ్‌లు గెలిచిందని, మూడు సెట్లు అని కాదు. ఐదిట్ల మూడు ఎవరు ముందు గెలిస్తే టై వాళ్ళది. గ్రూప్ దశలో మాత్రం 3-0 అయినా ఆగరు, ఐదు మ్యాచ్‌లూ ఆడుతరు, ఎందుకంటే పాయింట్లు సమానమైతే ఎన్ని మ్యాచ్‌లు గెలిచిన్రు అనేది అక్కెరకొస్తది. క్వార్టర్స్ నుంచి మాత్రం మూడు కాంగనే లైట్లు బంద్.

16 టీంలు, నాలుగు గ్రూపులు, గ్రూపుల మొదటి ఇద్దరు క్వార్టర్స్‌కు. సెమీస్‌కు వచ్చిన్రంటే కంచు మెడల్ ఖాయం, మూడో స్థానానికి వేరే ఆట ఉండదు. ఇది ఇంతే, దీంట్ల పెద్ద కథ లేదు.

కథ అంతా ఆ ఐదు మ్యాచ్‌లల్ల ఎవరు ఎవరి మీద ఆడాలె అనేదాంట్ల ఉన్నది.

ఇది అర్థం కావాలంటే మా కాలనీ ముచ్చట ఒకటి చెప్తా. కొన్నేండ్ల కింద చలికాలంల మాకు, పక్క కాలనీ వాళ్ళకు పందెం పడ్డది, మూడు జోడీలు అటు, మూడు జోడీలు ఇటు, మూడిట్ల రెండు గెలిచినోళ్ళకు బిర్యానీ. వాళ్ళ దగ్గర ఒక జోడీ ఉండె, ఇద్దరూ కాలేజీ రోజుల్ల జిల్లా ఆడినోళ్ళు, వాళ్ళ మీద మాకు ఎట్లన్న అంతే సంగతులు. మావోళ్ళు ఏం చేసిన్రంటే అందరికంటే వీక్ జోడీని, అంటే నన్నూ ఇంకో మాస్టారునూ, తీస్కపోయి వాళ్ళ మీద పడేసిన్రు. మేం 21-6, 21-4 చొప్పున సక్కగ ఓడిపోయి వచ్చినం. మిగతా రెండు జోడీలు వాళ్ళ వీక్ జోడీల మీద గెలిచిన్రు. బిర్యానీ మాది. పక్క కాలనీ వాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి యాది చేసి తిడ్తరు.

థామస్ కప్, ఉబర్ కప్‌ల ఈ వేషాలు నడవయి. సింగిల్స్‌ల ఎవరు మొదటి ఆట ఆడాలె అనేది కోచ్ ఇష్టం కాదు, వరల్డ్ ర్యాంకింగ్ లెక్క. టోర్నీకి ముందు ఒక తేదీ నాటి ర్యాంకులు తీసుకుంటరు, ఆ టైకి దింపిన ముగ్గుర్ల మంచి ర్యాంకు ఉన్నోడు ఫస్ట్ సింగిల్స్, తర్వాతోడు సెకండ్, ఆ తర్వాతోడు థర్డ్. డబుల్స్‌ల కూడా గంతే, బలమైన జోడీ ముందు. కోచ్ చేతిల ఉన్నది ఎవర్ని దింపాలె, ఎవరికి రెస్ట్ ఇయ్యాలె, డబుల్స్‌ల ఎవర్ని ఎవరితోటి కలపాలె, ఇంతవరకే. వీక్ ఆటగాన్ని స్ట్రాంగ్ ఆటగాని మీద బలి ఇచ్చే తెలివి ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు ఈ రూలు వల్ల ఏమైతదో చూడుండ్రి. ఏ పెద్ద టీం చూసినా ఫస్ట్ సింగిల్స్‌ల వాళ్ళ దేశంల నంబర్ వన్ ఉంటడు, ఆ నంబర్ వన్‌లల్ల చాలామంది ప్రపంచంల టాప్ 10 లోపట్నే ఉంటరు. అంటే ఫస్ట్ సింగిల్స్ అనేది దాదాపు ప్రతిసారి టాస్ వేసినట్టే, ఎవరైనా గెలవొచ్చు. దేశాల నడుమ అసలు తేడా కనపడేది కిందికి వచ్చినంకనే, సెకండ్ సింగిల్స్, సెకండ్ డబుల్స్, థర్డ్ సింగిల్స్‌ల. ఒక దేశంల మూడో సింగిల్స్ ఆటగాడు ప్రపంచ 20వ ర్యాంకోడు అయి, అవతల దేశంల 90వ ర్యాంకోడు అయితే ఆ మ్యాచ్ మొదలుకాకముందే సగం అయిపోయినట్టు. పెద్ద స్టార్ ఒకరు ఉంటే ఐదిట్ల ఒక పాయింట్ వస్తది, బహుశా. మిగతా రెండు పాయింట్లు ఎవరు తెస్తరు? కాక ప్రశ్నకు నా జవాబు మొత్తం ఈ ఒక్క ప్రశ్నల ఉన్నది.

2022 మే నెల, బ్యాంకాక్. మనోళ్ళు పోయేముందు మన సింగిల్స్ ఆటగాడు ప్రణయ్ వాట్సాప్ గ్రూపు ఒకటి చేసి "ఇట్స్ కమింగ్ హోం" అని పేరు పెట్టిండట, అప్పుడు ఎవరన్న చూస్తే నవ్వేటోళ్ళు, ఎందుకంటే మనం చివరిసారి థామస్ కప్ సెమీస్ చూసింది 1979ల, ప్రకాశ్ పదుకొనె రోజుల్ల. ఫైనల్ అయితే అసలే లేదు. గ్రూపుల జర్మనీ మీద 5-0, కెనడా మీద 5-0, చైనీస్ తైపీ మీద మాత్రం 2-3తో ఓడిపోయినం. దాంతోటి గ్రూపుల రెండో స్థానం. క్వార్టర్స్‌ల మలేషియా వచ్చి పడ్డది.

ఆ మలేషియా టైని పేపరు మీద రాసి చూసుకోండ్రి. ఫస్ట్ సింగిల్స్ లక్ష్య సేన్, లీ జీ జియా చేతుల ఓడిండు. ఫస్ట్ డబుల్స్ సాత్విక్-చిరాగ్ గెలిచిన్రు. సెకండ్ సింగిల్స్ శ్రీకాంత్ గెలిచిండు. సెకండ్ డబుల్స్ కృష్ణప్రసాద్ గరగ-విష్ణువర్ధన్ గౌడ్ ఓడిన్రు. 2-2. ఆఖరి సింగిల్స్ ప్రణయ్ గెలిచిండు. 3-2.

మర్నాడే సెమీస్, డెన్మార్క్ మీద. లక్ష్య సేన్ ఒలింపిక్ చాంపియన్ యాక్సెల్‌సన్ చేతుల ఓడిండు. సాత్విక్-చిరాగ్ గెలిచిన్రు. శ్రీకాంత్ ఆంటన్సన్ మీద గెలిచిండు. కృష్ణప్రసాద్-విష్ణు ఓడిన్రు. మళ్ళ 2-2. ప్రణయ్ గెలిచిండు.

అచ్చు గుద్దినట్టు ఒకటే బొమ్మ, రెండుసార్లు. రెండు టైలల్ల మన నంబర్ వన్ ఓడిపోయిండు, అయినా టీం గెలిచింది. ఆ డెన్మార్క్ మ్యాచ్‌ల ప్రణయ్ మొదటి గేములనే కోర్టు మీద జారి కాలు మడత పడ్డది, మెడికల్ టైం తీసుకున్నడు, గేము 13-21తో పోయింది, మేమందరం ఇగ అయిపోయింది అనుకున్నం. తర్వాత 21-9, 21-12. కుంటుకుంట ఆడి రాస్మస్ గెమ్కెను అట్ల కొట్టుడు నేనైతే మర్చిపోను. అప్పటికి ప్రణయ్ ర్యాంకు 23. లక్ష్య 9, శ్రీకాంత్ 11. వేరే దేశాలల్ల చాలావాటికి 23వ ర్యాంకోడు ఉంటే ఫస్ట్ సింగిల్స్‌కు నెత్తిన పెట్టుకుంటరు, మన దగ్గర ఆయన మూడోడు. మలేషియా మీద థర్డ్ సింగిల్స్ స్కోరు 21-13, 21-8, చూసిన్రా, రూలు ఏడ పనిచేసిందో గక్కడ కనపడ్తది.

మే 15, ఆదివారం. వరంగల్‌ల మే నెల పగటిపూట ఎట్లుంటదో నేను చెప్పేది లేదు, తారు రోడ్డు మీద చెప్పులు అంటుకుంటయి. నలుగురం ఒక ఇంట్ల కూలర్ ముంగట ఫోన్‌ను టీవీకి పెట్టి కూసున్నం. అవతల ఇండోనేషియా, 14 సార్లు కప్పు కొట్టినోళ్ళు, డిఫెండింగ్ చాంపియన్లు, టోర్నీల అప్పటిదాంక ఒక్క టై కూడా ఓడలే. లక్ష్య ఆ వారమంతా కడుపు బాగలేక తిప్పలు పడ్డడు, నాకౌట్‌ల రెండు మ్యాచ్‌లూ ఓడి వచ్చిండు, ఫైనల్‌ల గింటింగ్ మీద మొదటి గేము 8-21. ఒకడు లేచి సమోసలకు పోయిండు. వాడు వచ్చేసరికి 21-17, 21-16తో లక్ష్య గెలిచిండు, ఆ సమోసలు వాడే కూసొని తిన్నడు అవమానంతోటి.

ఆ తర్వాతి మ్యాచ్ గురించి కొంచెం ఆగి చెప్పాలె. ఇండోనేషియా ఫస్ట్ డబుల్స్‌కు దింపింది అహసాన్‌ను, కెవిన్ సంజయను. ఇద్దరూ గొప్పోళ్ళే, ఇద్దరూ ప్రపంచ నంబర్ వన్ జోడీలల్ల ఆడినోళ్ళే, కానీ ఒకే జోడీల కాదు. అహసాన్ ఎప్పుడూ ఆడేది సెతియవాన్ తోటి, కెవిన్ ఆడేది గిడియాన్ తోటి. గిడియాన్ లేడు, కెవిన్‌కు కొత్త పార్ట్‌నర్‌ను కుట్టిన్రు. రూలు దీనికి ఒప్పుకుంటది, ఎవర్నైనా ఎవరితోటైనా కలపొచ్చు. కానీ డబుల్స్ ఆడినోళ్ళకు తెలుసు, నడుమల పడ్డ కాక్ ఎవరిది అనేది నోటితోటి చెప్పుకొని కొట్టేది కాదు, ఏండ్ల అలవాటు. సాత్విక్-చిరాగ్ 18-21తో మొదటి గేము ఓడి, రెండో గేముల మ్యాచ్ పాయింట్ల అంచు దాంక పోయి 23-21, మూడోది 21-19. ఆ రెండు మూడు పాయింట్ల తేడా ఆ కొత్త జోడీ అతుకుల కాడనే వచ్చిందని నా అనుమానం, ఇది నా మాట, ఎవరన్న కాదంటే కొట్లాడ. ఇగ మూడో మ్యాచ్ శ్రీకాంత్, జొనాథన్ క్రిస్టీ మీద 21-15, 23-21. 3-0. ఆ టోర్నీ మొత్తంల శ్రీకాంత్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, మన తెలుగోడని చెప్తలేను గానీ, ఆ కప్పుల పెద్ద ముక్క ఆయనది.

ఇగ ఆడపిల్లల దిక్కు వద్దాం. 2014ల ఈ టోర్నీ మన ఢిల్లీలనే జరిగింది, సిరిఫోర్ట్‌ల. సైనా, సింధు, గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప, అంతకంటే మంచి నలుగురు మనకు ఒకేసారి దొరుకుడు కష్టం. సెమీస్‌ల జపాన్. మొదటి సింగిల్స్ సైనా గెలిచింది. రెండోది సింధు గెలిచింది. 2-0. ఇంకొక్కటి కావాలె. జ్వాల-అశ్విని జపాన్ నంబర్ వన్ జోడీ మత్సుతోమొ-తకహాషి మీద ఓడిన్రు, వాళ్ళే రెండేళ్ళ తర్వాత రియో ఒలింపిక్స్‌ల గోల్డ్ కొట్టిన్రు కాబట్టి దాంట్ల సిగ్గు లేదు. థర్డ్ సింగిల్స్ తులసి ఓడింది. 2-2. ఇగ మిగిలింది సెకండ్ డబుల్స్. మన దగ్గర రెండో డబుల్స్ జోడీ ఎవరు? ఆ లెవెల్‌ల ఎవరూ లేరు. అందుకని సైనాను, సింధును, అప్పటికే సింగిల్స్ ఆడి అలసిపోయిన ఇద్దర్ని జోడీ చేసి దింపిన్రు. అవతల మియుకి మయెదా-రెయికా కకివా, డబుల్స్ తప్ప వేరేది తెల్వనోళ్ళు. ఓడిపోయినం, 2-3.

కాకా, నీ ప్రశ్నకు జవాబు ఈ ఒక్క టైల ఉన్నది. మన ఇద్దరు స్టార్లు వాళ్ళ పని వాళ్ళు చేసిన్రు, ఇద్దరూ గెలిచిన్రు. రెండు పాయింట్లు. మూడో పాయింట్ తెచ్చేటోళ్ళు లేరు. 2016ల చైనాలోని కున్షాన్‌ల మళ్ళ సెమీస్ దాంక పోయిన్రు, మళ్ళ కంచు మెడల్ తోటే వచ్చిన్రు.

దీనికి ఉల్టా కథ కూడా ఉన్నది. 2022ల మనోళ్ళు థామస్ కప్ గెలిచిన అదే బ్యాంకాక్‌ల ఉబర్ కప్ ఫైనల్ దక్షిణ కొరియా, చైనా. కొరియాకు ఆన్ సె-యంగ్ ఉన్నది, ఆమె గెలిస్తదనే అందరి నమ్మకం. ఆమె చెన్ యూఫె చేతుల ఓడిపోయింది, మూడో గేము 20-22 దాంక పోయి. అయినా టై 2-2 అయింది, ఆఖరి సింగిల్స్‌ల సిమ్ యు-జిన్ అని ఒకామె, మనలో ఎంతమంది ఆ పేరు విన్నరు, చైనా పిల్ల వాంగ్ జియిని కొట్టి కప్పు తెచ్చింది. కొరియా వాళ్ళకు స్టార్ ఓడినా కప్పు వచ్చింది, మనకు స్టార్లు ఇద్దరూ గెలిచినా రాలే.

మనకు కూడా అసోంటి రోజు ఒకటి వచ్చింది, 2024 ఫిబ్రవరిల, మలేషియాల షా ఆలంల, ఆసియా టీం చాంపియన్‌షిప్‌ల. థామస్, ఉబర్ కప్‌లకు ఆసియా నుంచి ఎవరు పోవాలె అనేది చాలావరకు అక్కడనే తేలుతది. జపాన్ మీద సెమీస్‌ల సింధు ఓడిపోయింది, అయినా టీం 3-2తో గెలిచింది. ఫైనల్ థాయ్‌లాండ్ మీద, సింధు గెలిచింది, ట్రీసా జాలీ-గాయత్రి గోపీచంద్ గెలిచిన్రు, తర్వాతి రెండూ పోయినయి, మళ్ళ 2-2. ఆఖరికి కోర్టు మీదికి వచ్చింది అన్మోల్ ఖర్బ్, 17 ఏండ్ల పిల్ల, ప్రపంచ ర్యాంకు 472. చైనా మీద, జపాన్ మీద కూడా ఆఖరి మ్యాచ్ గెలిచి టీంను బతికించింది ఆ పిల్లనే. ఫైనల్ల 21-14, 21-9. ఆ టోర్నీల ఇండియాకు అదే మొదటి గోల్డ్. అయితే దీన్ని చూసి ర్యాంకులకు విలువ లేదనుకుంటే తప్పు, చిన్న పిల్లలు ఎక్కువ టోర్నీలు ఆడకపోవుడు వల్ల ర్యాంకు కిందికి ఉంటది, ఆట కాదు. ర్యాంకు రూలు వల్ల ఆమె థర్డ్ సింగిల్స్‌ల పడ్డది, అవతల థర్డ్ సింగిల్స్ వాళ్ళు ఆమె అసలు ఆట తెల్వక దొరికిపోయిన్రు. రూలును ఎవరూ మోసం చేయలే, రూలే మనకు కలిసొచ్చింది. అదే ఏడాది చెంగ్డుల ఉబర్ కప్‌కు సింధు పోలేదు, చిన్నోళ్ళ టీం క్వార్టర్స్ దాంక పోయి జపాన్ మీద 0-3తో ఓడింది, లోతు, అంటే రెండో మూడో నంబర్ ఆటగాళ్ళ బలం, ఇంకా సరిపోను లేదని అక్కడ తెలిసిపోయింది.

ఇక్కడ కాక లాంటి పాత మనుషులు ఒక మాట అంటరు, "ఎన్కటి రోజుల్ల ఒక్క మనిషే టీంను మోసేటోడు" అని. అది వట్టి మాట కాదు, అప్పటి లెక్కనే వేరే ఉండె.

థామస్ కప్ ఆలోచన సర్ జార్జ్ థామస్‌ది, ఇంగ్లండ్ ఆటగాడు, 1934ల పుట్టిన ఇంటర్నేషనల్ బ్యాడ్మింటన్ ఫెడరేషన్‌కు మొదటి ప్రెసిడెంట్, చెస్ కూడా గట్టిగ ఆడేటోడట. 1939ల కప్పు ఇస్తనన్నడు, ఇంతల యుద్ధం, ఆఖరికి 1948-49ల మొదటి టోర్నీ అయింది, మలయా గెలిచింది, డెన్మార్క్ మీద 8-1. స్కోరు చూసిన్రా, 8-1. అప్పుడు ఒక టైల 9 మ్యాచ్‌లు, రెండు రోజులు ఆడేటోళ్ళు. టీంల మొదటి ఇద్దరు సింగిల్స్ ఆటగాళ్ళు అవతలి ఇద్దరితోటీ ఆడాలె, అంటే అవే 4 మ్యాచ్‌లు, మూడోడు ఒకటి, డబుల్స్ జోడీలు రెండూ అటూ ఇటూ తిరిగి ఇంకో 4. ఒక మొనగాడు ఉంటే రెండు సింగిల్స్, రెండు డబుల్స్ ఆడి 9ల 4 పాయింట్లు ఒక్కడే తేవొచ్చు. 1956-57ల మొదలైన ఉబర్ కప్‌ల (బెట్టీ ఉబర్ అనే ఇంగ్లండ్ ఆటగత్తె పేరు మీద) టైకి 7 మ్యాచ్‌లు, అండ్ల సింగిల్స్ మూడే, డబుల్స్ నాలుగు. మొదటి మూడుసార్లు గెలిచింది ఎవరనుకున్నరు, అమెరికా. బ్యాడ్మింటన్‌ల అమెరికా ఏంది అంటే, వాళ్ళకు జూడీ డెవ్లిన్ ఉండె, సింగిల్స్ డబుల్స్ రెండింట్ల మొనగత్తె, ఆల్ ఇంగ్లండ్ అనే పాత పెద్ద టోర్నీల సింగిల్స్ 10 సార్లు కొట్టింది. ఒక్క మనిషి టీంను మోసుడు అంటే గది.

ఆ పాత పద్ధతుల ఇంకో చిత్రం, కప్పు చేతిల ఉన్న దేశం మిగతా ఆటలేవీ ఆడకుండ నేరుగ ఆఖరి పోరుల కూసునేది, అందర్నీ ఓడిచ్చుకొని వచ్చినోడు ఒక్కడే దాని మీద ఆడాలె. 1967ల జకార్తాల గదే అయింది. కప్పు ఇండోనేషియా దగ్గర, వచ్చింది మలేషియా, మలేషియా 4-3తో ముందుంది, చూసే జనం లొల్లి లొల్లి చేసిన్రు, ఆట ఆపేయాల్సొచ్చింది. మిగతా మ్యాచ్‌లు న్యూజిలాండ్‌ల ఆడాలె అని ఫెడరేషన్ చెప్తే ఇండోనేషియా ఒప్పుకోలే, దాంతోటి 6-3 అని రాసి మలేషియాకు కప్పు ఇచ్చిన్రు. ఆ తర్వాత ఆ కూసొని ఎదురుచూసే సౌకర్యం తీసేసిన్రు. 1984ల ఇంకా పెద్ద మార్పు, థామస్, ఉబర్ రెండూ ఒకే చోట, రెండేళ్ళకోసారి, రెండింటికీ 5 మ్యాచ్‌ల టై. అప్పటినుంచి ఒక మనిషి ఎంత మొనగాడైనా ఒక సింగిల్స్, ఒక డబుల్స్, అంతకంటే ఎక్కువ ఆడలేడు. మోసేటోని భుజం మీద బరువు తగ్గిచ్చిన్రు, అదే టైంల మోసేటోని బలం కూడా తగ్గిచ్చిన్రు.

మరి మగవాళ్ళల్ల ఆ లోతు ఎట్ల వచ్చింది? సింగిల్స్ సంగతి మనకు తెలిసిందే, ఒక కోర్టుల పది మంది పెద్ద ఆటగాళ్ళు ఒకల్ల మీద ఒకలు రోజూ ఆడితే పదో వాడు కూడా గట్టిపడ్తడు, హైదరాబాద్ గచ్చిబౌలిల గోపీచంద్ అకాడమీ చేసింది గదే. అసలు మార్పు డబుల్స్‌ల. మన దగ్గర ఎన్నో ఏండ్లు డబుల్స్ అంటే సింగిల్స్‌ల పైకి రానోళ్ళు ఆడే ఆట అన్నట్టు చూసిన్రు. అమలాపురం సాత్విక్‌ను, ముంబై చిరాగ్‌ను జోడీ చేసింది మలేషియా కోచ్ టాన్ కిమ్ హర్, ఇద్దరూ పొడుగు, ఇద్దరూ వెనుకనుంచి కొట్టేటోళ్ళే, ఇద్దర్ల ముందట నెట్ కాడ ఎవరు ఆడాలె అని మొదట్ల వాళ్ళకే డౌటు. తర్వాత డెన్మార్క్ మాజీ ఆటగాడు మథియాస్ బో కోచింగ్. 2023ల వరల్డ్ నంబర్ వన్ అయిన్రు. 2022 కప్పుల ఐదిట్ల ఒక పాయింట్ నమ్మకంగ తెచ్చే జోడీ ఉండుడు అనేదే మొదటిసారి.

ఇక్కడ నాకు ఒకటి నవ్వొస్తది. వరంగల్, కరీంనగర్, గోదావరిఖని, ఏడకన్న పోండ్రి, సింగరేణి క్లబ్బులైనా ప్రైవేట్ కోర్టులైనా, పెద్దోళ్ళు ఆడేదంతా డబుల్సే, ఎందుకంటే గంట కిరాయి నలుగురు పంచుకుంటరు, పైగా సింగిల్స్ ఆడితే మా వయసుల గుండె నోట్లకొస్తది. అదే కోర్టుల సాయంత్రం పిల్లల కోచింగ్‌కు పోతే ప్రతి తండ్రీ మా పిల్లను సింగిల్స్‌ల పెట్టుండ్రి అంటడు. పొద్దుగాల డబుల్స్ ఆడి పొయిన ఆయనే సాయంత్రం ఆ మాట అంటడు! జోడీ అంటే వాళ్ళకు భయం, పార్ట్‌నర్ మానేస్తే మా పిల్ల గతేంది అని. ఆ భయం తప్పు అనలేను, కానీ ఉబర్ కప్ ఐదిట్ల రెండు మ్యాచ్‌లు డబుల్స్ అనేది కూడా అంతే నిజం.

ఇంకో సంగతి, విష్ణువర్ధన్ గౌడ్, కృష్ణప్రసాద్, ఇద్దరూ తెలుగు పిల్లలే, క్వార్టర్స్‌ల, సెమీస్‌ల ఓడిన జోడీ అని పైన రాసిన. గెలిచిన పదిమంది టీంల వాళ్ళూ ఉన్నరు, వాళ్ళ మెడల మెడల్ కూడా బంగారందే. ఐదు మ్యాచ్‌ల టైల రెండు ఓడినా కప్పు వస్తది, ఆ రెండు ఎవరో ఒకరు ఓడాలె కదా.

ఇదంతా ఆదివారం పొద్దున కాకకు చెప్పిన, ఆటలు అయిపోయినంక చాయ్ తాగుకుంట. ఓపికగా విన్నడు, 2014 కథ కాడ మాత్రం ఆపిండు. "ఆగు. సైనా సింధు ఇద్దర్ని అలసిపోయినంక దింపుడెందుకు? జ్వాలనో అశ్వినినో సింధు పక్కన పెట్టి ఆడిపియ్యకపోయిన్రా? డబుల్స్ తెలిసినోళ్ళు కదా."

జ్వాల, అశ్విని అప్పటికే ఒక డబుల్స్ ఆడేసిన్రు కాకా, ఒక మనిషి ఒక టైల ఒకే డబుల్స్ ఆడాలె, అదే రూలు అన్న.

"గదేం రూలు తమ్మీ," అని గ్లాసు పక్కన పెట్టి, ర్యాకెట్ బ్యాగు భుజానేసుకొని బండి దిక్కు పోయిండు.